తిరిగొస్తనని రుజువు

ఫోటో ముప్పై అయిదు ఇంటు నలభై అయిదు మిల్లీమీటర్లు.
వెనక తెల్లగోడ.
నవ్వొద్దు అని చెప్తే
ఆడెపు బుచ్చక్క నవ్వింది.
అయిదోసారికి గానీ నోరు మూతవడలే.

కొత్తవాడ మూలమీద నాది జిరాక్స్ దుకాణం.
కులం సర్టిఫికెట్లు, పింఛన్ కాయితాలు, కరెంటు బిల్లులు...
వీసా దరఖాస్తు మాత్రం ఇదే మొదలు.
డెన్మార్క్‌ల ఏదో మ్యూజియమట,
పది దినాలు గక్కడ కూసొని
జంపఖానా నేసి చూపియ్యాలెనట.
పిలుపు లెటరు మీద పేరు ఒక తీరు
ఆధార్ మీద ఇంకో తీరు
బ్యాంకు బుక్కుల ఇంటిపేరే లేదు.
ముగ్గురు బుచ్చక్కలను ఒక్క మనిషిని చేసేటందుకు
నోటరీ కాడ రెండు పూటలు నిలవడ్డం.

పుట్టిన తేది జనవరి ఒకటి.
మా వాడల సగం మంది గా దినమే పుట్టిన్రు,
ఆధార్ మిషను పుణ్యాన.

ఆరు నెలల బ్యాంకు లెక్క తీసిన.
సొసైటీ జమ, నాలుగు వేల రెండొందలు.
మల్ల సొసైటీ జమ, మూడు వేలు.
నడుమ పింఛను, నడుమ ఏమీ లేని నెల.
ప్రయాణ బీమా ముప్పై వేల యూరోలకు అంటే
"గన్ని పైసలా నా పానానికి" అని
నా మొఖం దిక్కు చూసింది
నేనే ఏదో అంటగడుతున్నట్టు.

ఫారం అడుగుతది:
తిరిగి వస్తవని నమ్మకమేంది?
భూమి? లేదు.
ఇల్లు? కిరాయిది.
భర్త? పోయి పదకొండేండ్లు.
"అప్పున్నది, రాయొచ్చా?" అన్నది.
వద్దన్న.
జరసేపు ఊకున్నది.
"మగ్గం మీద పడుగున్నది కదరా.
ఆరడుగులు నేసిన, ఇంక మూడున్నది.
సగంల ఇడిసి ఎవ్వలన్న పోతరా?"

దానికి ఫారంల డబ్బా లేదు.
ఉత్తరంల రాసిన.
పడుగుకు ఇంగ్లీషు మాట ఎతికితే ఒక్కటి దొరికింది,
ఎంత చదివినా దాన్ల పోగు కనవడలే.
మగ్గం ఫోటో తీసి
పన్నెండో కాయితం కింద జతపెట్టిన.

కాజీపేటల పొద్దటి బండి ఎక్కి పట్నం పోయినం.
గక్కడి పిల్ల ఫైలు ఇప్పి నేను గుచ్చిన పిన్నులన్నీ పీకింది.
పచ్చ వెలుగు మీద వేళ్లు పెట్టమన్నది.
ఒక్క ముద్ర పడలే.
తడిగుడ్డతోని తుడిచిన్రు, క్రీము రాసిన్రు,
గట్టిగ ఒత్తు అమ్మా అన్నరు.
నలభై ఏండ్లు ఒత్తిన వేళ్లే అవి.
"మా రేషన్ దుకాణంల గూడ గిదే కత బిడ్డా,
కండ్లు చూపెట్టి బియ్యం తెచ్చుకుంట"
అని కండ్లు పెద్దగ తెరిచి కూసున్నది.
ఆ పిల్ల నవ్వు ఆపుకున్నదో, ఇంకేదన్న ఆపుకున్నదో,
తెరమీద ఏదో టిక్కు పెట్టి
"పోయి రాండ్రి" అన్నది.

పదిహేను దినాలు ఆగాలె.
ఈ లోపు సంచి సదురుడు.
పోచమ్మమైదాన్ల ఊలు స్వెట్టరు కొన్నం,
బీపీ గోళీలకు డాక్టరు చీటీ తీసుకున్నం.
పంజాను ఒడిల పెట్టుకొని పోతనన్నది.
ఇనుప గోర్లున్న సామాను పక్కన ఉంచుకోనియ్యరు,
విమానం కడుపుల ఏస్తరు అని చెప్పిన.
"గక్కడ సలి గాదా దానికి?"
నాకేం ఎరుక.
నేను సుత ఎన్నడు ఎక్కలే.

నిన్న కొరియర్ పిల్లగాడు వచ్చిండు.
ఫోన్ అద్దం మీద వేలుతోని సంతకం పెట్టమన్నడు.
ముద్రవడని వేలు
అడ్డంగ ఒక గీత గీసింది, పోగు తీరుగ.
చాలన్నడు, బండెక్కిండు.

కవరు నా చేతుల పెట్టి
"ఇప్పుడే ఇప్పకు, ఈ వరుస కానీ" అని
మగ్గం గుంటల కాళ్లు జారేసింది.
నేను దాన్ని బల్బుకు అడ్డం పట్టి చూసిన.
దళసరి కవరు.
ఏం కనవడలే.
లోపట పంజా చప్పుడు.