వెతికింది ఒకటి

రీజెలో వానను ఎవరూ లెక్కపెట్టరు.
ఈ ఉదయం కూడా ల్యాబు కిటికీ మీద దాని పని అది చేసుకుపోతోంది.
పై అంతస్తులో షాజియే గొంతు తెరిచి ఉంది.
నేను కింద, బ్లేడు పట్టుకుని,
గడ్డకట్టించే యంత్రం పక్కన
ఎదురు చూస్తున్నాను.

ఫైల్లో వయసు యాభై ఎనిమిది.
చాయేలీ పైన కొండవాలులో టీ ఆకు కోసే మనిషి.
ఏడేళ్లుగా ఒంట్లో నలత.
నడుం నొప్పంటే బుట్ట బరువన్నారు.
మతిమరుపంటే మొగుడు పోయిన దిగులన్నారు.
మూత్రంలో రాళ్లు పడితే నీళ్లు తాగమన్నారు.
ఆ రాళ్లను ఆమె పారేయలేదు.
నడుము సన్నని టీ గ్లాసులో పోగుచేసి
డాక్టర్ ఇల్కాయ్ బల్ల మీద గలగలా ఒంపింది.
"ఇవి నా ఎముకలే కదా బాబూ," అందట.
రోగం పేరు తప్ప అంతా చెప్పేసింది.

థైరాయిడ్ సీతాకోకచిలుక వెనక
నాలుగు బియ్యపు గింజలుంటాయి.
ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు.
అందులో ఒకటి ఖర్జూరం గింజంత బలిసి
రాత్రీ పగలూ ఎముకల గోడలు గీకి
సున్నం నెత్తుట్లోకి తోడుతోంది,
ఎవరూ పురమాయించని వెల్లకు.

పదకొండున్నరకి మొదటి డబ్బా.
మెత్తగా, నున్నగా, గోధుమరంగు.
చూసి ఫోనెత్తాను: "అదే."
దొంగ దొరికాడు. పైన ఎవరో నవ్వారు.
పది నిమిషాల్లో హార్మోను సగానికి పైగా పడిపోయింది.
ఇక కుట్లు వేసుకోవచ్చు.

ఇల్కాయ్ వేలు ఊరుకోదు.
వెనక్కి వచ్చే దారిలో
పక్క రెక్క మీద ఏదో గరుకుగా తగిలిందట,
బఠాణీ కన్నా చిన్నది.

రెండో డబ్బా.
బ్లేడు ఆనగానే కరకరమంది.
ఇసుక సంగతి
కంటికన్నా ముందు నా మణికట్టుకి తెలుస్తుంది.

కటకం కింద కణాలు ఒకదాని మీదొకటి ఎక్కి,
కేంద్రకం నడిమధ్య గాడితో,
కాఫీ గింజల్లా.
అమ్మమ్మ నాటి నుంచీ టీ తప్ప ఎరగని ఇంటి మనిషి గొంతులో
ఇన్ని కాఫీ గింజలు ఎవరారబోశారు?
మధ్యమధ్య పొరలు పొరలుగా సున్నపు రేణువులు.
ఆ దొంగ తోడిన సున్నం ఇక్కడే దాచాడా
అనుకున్నాను ఒక్క క్షణం.
కాదు. అలా అనకూడదు.
ఈ రెంటికీ పొత్తుందో లేదో
పెద్దలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.
గొంతు కోస్తున్నాం కాబట్టి కనబడుతోంది, అంటారు కొందరు.
కోయనివాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

మళ్లీ ఫోను. ఈసారి నాకు గొంతు పెగల్లేదు.
తీగ నువ్వే లాగావు, డొంక నా చేతిలో ఉంది,
అని ఎలా చెప్పడం?
చెప్పాను ఎలాగో.
అవతల మానిటరు చప్పుడు మాత్రమే.
"చెల్లెలు పెరిహాన్ బయట కూచుంది," అన్నాడు చివరికి.
"మొదటి జబ్బు పేరు పలకడానికే ఆవిడకి నెల పట్టింది."

మూడు వారాలకి
షాజియే ల్యాబు వెతుక్కుంటూ వచ్చింది.
మెడకి నీలం రుమాలు. గొంతు బొంగురు.
పెదాల చుట్టూ చీమలు పాకుతున్నాయంది.
మొన్నటిదాకా పొంగిపోయిన సున్నం ఇప్పుడు చాలడం లేదు.
సంచిలో సీసాడు కాల్షియం బిళ్లలు.

"నా ఎముకలు తిన్నదాన్ని తిట్టనా, దీవించనా?
అది తినకపోతే మీరు కోసేవాళ్లు కాదు.
కోయకపోతే ఆ రెండోది..."
ఆగిపోయింది.

అలాంటి చిన్నవి ఎందరిలోనో
నిద్రపోతూనే మనిషితోపాటు పోతాయని
నేను చెప్పొచ్చు.
చెప్పలేదు. స్లయిడు పెట్టి స్టూలు జరిపాను.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది,
ఆకుకి పట్టిన పురుగుని చూసే చూపు.
"గులాబీ రంగు బావుంది. నాదేనా?"
రంగు మేం వేసిందని చెప్పాను.
"ఓహో," అంది, కాస్త చిన్నబుచ్చుకుని.

వెళ్తూ బల్ల మీద పొట్లం పెట్టింది, మొదటి కోత ఆకు.
సాయంత్రం విప్పితే
అడుగున ఆవగింజంత రాయి.
పొరపాటున పడిందో, కావాలనే వేసిందో.
నీళ్లు మరుగుతున్నాయి.
దాన్ని అరచేతిలో పెట్టుకుని
పొయ్యి దగ్గర నిలబడ్డాను.