అయితే

సన్‌షైన్ అని పేరు ఈ పేటకి.
మెల్‌బోర్న్‌కి పడమటి పక్క. పొద్దుట్నించీ ఒకటే వాన.
ఆస్పత్రి మూడో అంతస్తులో, పదకొండున్నరకి,
గంటన్నర కూలికి
రెండు భాషల మధ్య వేసిన కుర్చీని నేను.

ఇటు గంటా దాలినాయుడు. గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు,
నారింజరంగు డ్యూటీ చొక్కాతోనే వచ్చేశాడు.
అటు డాక్టర్ మెక్‌రే. మంచి మనిషే, మాట మాత్రం పరుగు.
ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క దాచకూడదు.
నా ఉద్యోగ ధర్మమంతా అంతే.

"ఇఫ్ యూ వుడ్ లైక్ టు టేక్ ఎ సీట్" అంది ముందు.
అందులో ఇఫ్ ఉత్తిదే. లైక్ కూడా.
"కూర్చోండి" అన్నాను. కూర్చున్నాడు.

తర్వాతి ఇఫ్ బరువుగానే వచ్చింది.
"పాకిందో లేదో ఇంకా తెలీదట" అన్నాను.
ఆవిడ ఒక్కటే అంది, నేను రెండు పళ్లేలు పెట్టాల్సి వచ్చింది,
'ఓ' ఒక వైపు, 'లేదో' ఒక వైపు.
అతను రెండోదాన్నే చూస్తున్నాడు.

మళ్లీ "ఇఫ్" అంది ఆవిడ.
అప్పుడే జేబులో ఫోను మోగింది.
సారీ అంటూ బయటికి నడిచింది.

తలుపు మూసుకుంది.
గదిలో ఇఫ్ ఉండిపోయింది.

ఇంగ్లీషులో అది అందరికంటే ముందొచ్చి
గుమ్మంలో నిలబడుతుంది,
ఎందుకొచ్చిందో చెప్పదు.
మన 'తే' అలా కాదు. క్రియ కొంగు పట్టుకుని
వెనకాల వస్తుంది: వస్తే, పోతే.
ఒక్కోసారి గొంతు మార్చి: ఉంటే, తింటే.
అత్తకి మీసాలొస్తే మామ అని నవ్వుకున్నాం దాంతో,
ఉంటే ఉగాది, లేకపోతే శివరాత్రి అని
పస్తులు కూడా దాటాం.
కానీ క్రియ లేకుండా అది అడుగు వెయ్యదు.
నా దగ్గర ఇప్పుడు క్రియ లేదు.

"ఏటన్నాదండి?"

ఒకవేళ అనొచ్చు. ఉంది ఆ మాట.
ఒకవేళ అని ఊరుకుంటే
ఏ వేళ అని అడుగుతాడు.

"ఇంకా ఏమీ అనలేదండి" అన్నాను.
నిజమే చెప్పాను. నాకే అబద్ధంలా వినిపించింది.

నాలుగు నిమిషాలు.
గోడ మీద ఊపిరితిత్తుల పటం, ఒక మూల ఊడి
ఏసీ గాలికి కొట్టుకుంటోంది.
దాలినాయుడు తన బూట్లతో అన్నట్టు అన్నాడు:
"పోయినేడు దగ్గొచ్చినప్పుడే సూపించుకునుంటే..."

ఆగాడు.
ఆగడానికి మన భాషలో అదే చోటు.
వాళ్లు మొదలుపెట్టే దగ్గర మనం ఆగిపోతాం.
అనువాదం చెయ్యలేదు నేను. వినేవాళ్లెవరూ లేరు.

ఆవిడ వచ్చింది, చేతులు తుడుచుకుంటూ,
వదిలేసిన వాక్యాన్ని సరిగ్గా అక్కడే అందుకుంది.
నేను చెప్పాను:
"పాకితే కొయ్యరు. పాకకపోతే గురువారం కోస్తారు."

చాలాసేపు చూశాడు. నన్ను కాదు, ఆవిణ్ణి.
"అయితే?" అన్నాడు.

"ఏమంటున్నారు?" ఆవిడ నన్నడిగింది.

ఒక్క మాట. అదీ ఇఫ్పే,
అవడానికి తగిలించిన 'తే'.
కథ వింటూ పిల్లలంటారు దాన్ని, కళ్లు పెద్దవి చేసి.
అప్పులవాడి ముందు మొండివాడంటాడు.
పేకాటలో ఓడినవాడు చొక్కా దులుపుకుంటూ అంటాడు.
ఇతను వీళ్లలో ఎవరో
నాకు తెలీలేదు.

"అండ్ దెన్?" అన్నాను.
తప్పు కాదు. సరిపోలేదు.

ఆవిడ కంప్యూటర్ వైపు చూసి, ఇటు తిరిగి
"గురువారం" అంది, ఈసారి నెమ్మదిగా.
తెలుగు చెయ్యనక్కర్లేకుండానే
తలూపాడు.

లిఫ్టు దగ్గర గొడుగు విప్పబోయి, మళ్లీ ముడిచి,
"మళ్లీసారి మీరే వొస్తే బాగున్ను" అన్నాడు.

ఫారంలో టైము వేశాను. పదకొండున్నర నుంచి పన్నెండుంబావు.
ఎవర్ని ఎక్కడికి పంపాలో ఏజెన్సీ ఇష్టం.
సగం వాక్యాల దాకానే నా పని,
మిగతా సగం ఎవరి నోట ఎవరు వింటారో
నాకు చెప్పరు.

గురువారం నాకు జిలాంగ్‌లో కోర్టు పని.