సిక్స్ నాట్ ఎయిట్

ఆటోనగర్ మూడో క్రాస్‌రోడ్డులో
చక్రం ఒకటి కౌంటర్ మీద పెట్టి
"దీని బేరింగూ..." అని మొదలెట్టేలోపే
నాగూర్ మీరా లోపలికి కేకేశాడు:
"సిక్స్ నాట్ ఎయిట్, ఎనిమిది తియ్యరా!"
నెల రోజులు ఫోన్లో వెతికి వెతికి
ఏ దేశం నుంచి తెప్పించాలా అనుకున్నది
అతని దగ్గర చేతి గ్రైండర్లకి వేసే సరుకు,
నూనె కాగితంలో పొట్లం కట్టి ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి
ఈ చక్రాల చెక్క ఎందుకని అడగలేదు.
బరువెంత అన్నాడు.
పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత సూటిగా అడగలేదు.
"బుష్షు మెత్తదా గట్టిదా అన్నది
బరువే చెప్పాలమ్మా" అంటూ
పక్క కొట్లో తుక్కు కాటా ఎక్కించాడు.
అరవై తొమ్మిది, చెప్పులతో.
తుక్కు కుర్రాడు అలవాటుగా చీటీ రాసి చేతిలో పెట్టాడు.

చెక్క మటుకు నా ఎంపికే.
వెదురూ మేపులూ పొరలుగా అతికింది,
నడుమ నిలబడితే
నవారు మంచంలా కాస్త కుంగి లేస్తుంది.
ట్రక్కులు వెడల్పువి.
చక్రాలు డెబ్బై మిల్లీమీటర్లు,
గోరు దిగీ దిగనంత మెత్తన.
మన రోడ్ల మీద గట్టి చక్రమైతే
గులకరాయి దగ్గర అది ఆగుతుంది,
మనం ఆగం.

మొదటి బుష్షులు నాగూరే లేతు మీద తీశాడు,
లారీ కమాన్లకి వాడే యురేథేన్ కడ్డీ కోసి.
పసుపు తురుము ఎగిరి మీసాల మీద వాలింది.
బిగించుకొచ్చి ఎక్కితే
లారీ లాగే తిరిగింది, అంటే తిరగలేదు.
కృష్ణలంక కరకట్ట పక్కన
మలుపు అటు,
నేను ఇటు, తుమ్మపొదలోకి.

మర్నాడు మోచేతికి పట్టీతో వెళ్తే
పట్టీ వైపు చూడలేదు, బుష్షు విప్పి చూశాడు.
"మలుపు తప్పు కాదు, నీ తప్పూ కాదు.
నేనే గట్టిది వేశాను."
ఈసారి మెత్తవి తెప్పించాం,
చెక్క వైపుకి పీపా, నేల వైపుకి గరాటు.

వాలులో ఒకసారి కాళ్ల కింద వణుకు పుట్టింది.
ముందు చక్రాలు తల అడ్డంగా ఊపుతున్నట్టు,
వద్దు వద్దు వద్దు.
దిగి, రెంచి తీసి, నట్టు బిగించబోయి
ఫోన్ చేశాను.
వెనకాల ఏదో ఇనుము కోస్తున్న చప్పుడు.
"బరువు ముందుకాలి మీదకి తెచ్చుకున్నావా?"
లేదు.
"అది నేర్చుకో ముందు.
ఆ తర్వాత పావు చుట్టు.
పావు తిప్పి వారం తొక్కు.
వారం తొక్కి, అప్పుడు మాట్లాడు."

ఆదివారాలు బాల్కనీలో పేపరు పరిచి
బేరింగుల మూతలు గుండుసూదితో లేపుతాను.
హార్లిక్స్ సీసాలో పెట్రోలు పోసి ఊపితే
కృష్ణ ఇసుక సన్నగా అడుగుకి దిగుతుంది.
పై వాటాలో రాజ్యలక్ష్మిగారు ముక్కు మూసుకుని
"ఏం కాలుతోందమ్మా?" అంటారు.
ఏం కాలట్లేదండీ, ఆరుతోంది.
కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, మూడు కాదు.
ఇరుసు నట్టు ఆగేదాకా తిప్పి అర చుట్టు వెనక్కి,
చక్రాన్ని అటూ ఇటూ కదిపితే
టిక్కుమనాలి,
నాలుక చప్పరించినట్టు.
ఆ చప్పుడు రాకపోతే మళ్లీ.

ఎనిమిది నెలలకి
నాలుగు చక్రాలూ పట్టుకెళ్లాను.
వెర్నియర్‌లో ఒక్కోటీ పెట్టి చూశాడు:
మూడు అరవై ఎనిమిది.
కుడి ముందుది అరవై ఆరు.
"ఎప్పుడూ అటే వంగుతున్నావే!"

బ్యారేజీ నుంచి కిందికి తొక్కుతూ వెళ్తాను.
తిరిగొచ్చేసరికి ఎండెక్కుతుంది,
చెక్కని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తాను.
వెళ్లేటప్పుడు నది కుడివైపు.
ఆ సంగతి నాకన్నా ముందు
రెండు మిల్లీమీటర్లకి తెలిసింది.

"మూలకి మూల మార్చెయ్" అన్నాడు.
మార్చాలి. తెలుసు.
గేట్లెత్తారట నిన్న రాత్రి.
ఈ వారానికి
అది అటే ఉండనీ.