డామేజీ పలక

మూల విరిగిన పలకని లారీ ఎక్కనియ్యరు.
మార్కాపురంలో అట్టాంటివి గోడ వారన
మోకాలెత్తు పేరుకుంటాయి.
అందులో ఒకటి కొంగు చాటున పెట్టుకున్నా.
దొంగతనం కాదు,
యెహోషువ సారు కళ్ళెదురుగానే.

ఆయన ప్యాకింగు కాడ గుమస్తా.
చక్రాలు ఆగి, పొడి నేలకి దిగినాక
చెక్కపెట్టెల మీద మమ్మల్ని కూర్చోబెట్టి
ఇంగ్లీషు చెప్తాడు.
ఫీజు వారానికొక వక్కపొడి పొట్లం.

ఎ స్లేట్ అంటే ఏదో ఒక పలక.
ది స్లేట్ అంటే ఆ పలకే,
నీకూ నాకూ ఎరికైనది.
ఇరవై రెండేళ్ళలో నేను కోసినవన్నీ 'ఎ'లే.
ఏ ఊరి పిల్ల ఒళ్ళో పడ్డాయో,
ఎవరి ఉమ్మితో తుడుచుకుపొయ్యాయో.
నా ఒళ్ళో ఉన్న ఈ మూల విరిగింది మాత్రం 'ది'.
రెండక్షరాలు కూడా లేని మాటకి
ఇంత మర్యాదుందని
ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలా.

నాకు ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు:
టు మి టూ డాటర్స్ ఆర్ అని రాశా.
సారు నవ్వలేదు.
"వాళ్ళ భాషలో బిడ్డలు మన దగ్గర ఉండరమ్మా,
మనమే వాళ్ళని కలిగి ఉంటాం.
ఐ హ్యావ్."
ఐ హ్యావ్ టూ డాటర్స్.
ఐ హ్యావ్ ఎ కాఫ్.
దగ్గుని కూడా కలిగి ఉండాలా సార్?
మా వీధిలో దగ్గే మనుషుల్ని కలిగి ఉంటది.

ఐ వర్క్, యు వర్క్, దే వర్క్.
షి కాడికొచ్చేసరికి తోక: వర్క్స్.
"ఆ ఒక్కదానికే ఎందుకు బరువు?" అంది మస్తానమ్మ.
హి కి కూడా ఉందని సారు సర్దబోయాడు.
"ఉంటే ఉండనీ,
మాది ముందునుంచే ఉంది."

ఆ రాత్రి కరెంటు పోయింది.
నల్లమల వైపు నించి గాలి.
చీకట్లో మంచం మీద పడుకుని
తెలుగునే తిరగేసి చూసుకున్నా, పలకని చూసినట్టు.
అమ్మ వచ్చింది. బర్రె వచ్చింది.
వాన వచ్చింది. రాయి వచ్చింది.
అన్నిటికీ ఒకటే 'వచ్చింది'.
నోట్లో నలభై ఏళ్ళుగా ఉన్నా ఎప్పుడూ వినలేదు దాన్ని.
షి అన్నప్పుడు మొదటిసారి
రాయి పక్కనించి లేచి
వేరే పీట మీద కూర్చున్నట్టు అనిపించింది.
ఇంకో సంగతి, అక్కడ ఓనరూ హి, కూలీ హి.
'ఆయన' అనడానికి చోటే లేదంట.

మొన్న ఆయుధపూజకి ఓనరు
కోటు వేసుకున్న కొనుగోలుదారుల ముందు
వి ఆర్ వన్ ఫ్యామిలీ అన్నాడు.
నాకు అర్థమైంది, సగం.
ఆ వి
మనమా, మేమా?
సారు తల దించుకుని
పెట్టెలకి మేకులు ఏరుకున్నాడు.

కాశింబీ చూపుడువేలు సగమే.
ఆఫీసు కాగితంలో 'వేలు తెగింది' అని ఉంది,
దారం తెగినట్టు, దానంతటదే.
మన భాషకి ఈ విద్య ముందే వచ్చు.
ఇంగ్లీషులో అయితే, సారు చెప్పాడు,
ది ఫింగర్ వాజ్ కట్.
ఎవరు కోశారో చెప్పకపోయినా వాక్యం నిలబడుద్ది,
తప్పు పడదు, మార్కులు పోవు.
"చెప్పాలనుకుంటే?"
"బై అని రాసి, ఆ తర్వాత రాయాలి."

బలపం చేతిలోకి తీసుకున్నా.
కాశింబీ నా భుజం మీదినించి చూస్తా ఉంది.
ది ఫింగర్ వాజ్ కట్ బై
అక్కడికి పలక అయిపోయింది.
సరిగ్గా ఆ మూలే విరిగింది.

రేపు ఒకటి కొనాలి.
నేను చేసే వస్తువుని
నా డబ్బులిచ్చి,
నాలుగు మూలలూ ఉన్నది.