పద్దెనిమిది డిగ్రీలు

కాజీపేట డాబా మీద
ముందుగాల చుక్కను కాదు,
గుట్టమీది టవరు ఎర్రదీపాన్ని పట్టాలె.
పెద్ద గొట్టంల టవరు తలకిందులుగ వేలాడుతది;
చిన్న గొట్టంల, గీతల కూడలికి బెత్తెడు ఎడంగ.
మూడు మరలు.
ఒకటి బిగిస్తే ఇంకోటి అలుగుతది.
"నిమ్మళంగ," అంటడు కొమురెల్లి,
ముప్పై ఏండ్లు సిగ్నల్ తీగలు బిగించిన చెయ్యి.

ఇగ ఉత్తరం.
మన దిక్కు ధ్రువుడు
పద్దెనిమిది డిగ్రీల ఎత్తుకే నిలుస్తడు,
రహీమా వాళ్ల నీళ్ల ట్యాంకు ఎనుక.
ఆమె నవ్వి బట్టల తీగ విప్పింది,
ట్యాంకును ఏంజేస్తది?
రెండడుగులు మేమే జరిగినం.

అంతల గూడ్సు.
డాబా వణికింది, మరలు వణికినయి,
కదలనోడని పేరున్న ధ్రువుడు సుత వణికిండు.
చీకట్ల యాభై ఎనిమిది డబ్బలు లెక్కవెట్టినం.

ఆఖరి ఎర్రదీపం పోయినంక చూస్తే
చుక్క కూడలిలనే ఉన్నది.
"ముట్టకుండ్రి," అన్నడు కొమురెల్లి.