తొమ్మిదీ ముప్పావు

గొల్లపాళెం ఫారం షెడ్డు మీద
సూది కాలు ఆనించి
ఎవరో గుండ్రంగా గీత గీశారంట.
కిలోమీటరు లోపలున్న కోళ్లన్నీ గోతిలోకి,
పది కిలోమీటర్ల లోపలున్న అంగళ్లన్నీ తాళంలోకి.
వింజమూరు రోడ్డు మీద
నా అంగడి తొమ్మిదీ ముప్పావు.

వాగు దాటితే మా బావమరిది జిలానీది పదింపావు.
వాడు కొడతానే ఉండాడు,
స్కిన్‌లెస్ రేటు సుద్దతో తుడిచి తుడిచి పెంచతానే ఉండాడు.
ఆ గాలీ ఈ గాలీ ఒకటే గదా సార్ అంటే
కార్యదర్శి నవ్వినాడు:
"యాడో ఒకచోట గీత ఆగాల గదా దస్తగిరీ!"

షట్టరుకు అంటించిన కాయితం
నాకు కంఠతా వచ్చేసింది.
కోయరాదు. అమ్మరాదు. తేరాదు. పంపరాదు.
గుడ్లు కూడా.
బోనులు కడగాల, సున్నం చల్లాల,
మొద్దు కాల్చాల.

చింతమొద్దు. మా నాయన కొన్నది.
నడిమధ్యన అరిగి అరిగి పళ్లెమైంది.
రెండు తరాల ఆదివారాలు ఆ గుంటలో ఉండాయి.
కిరసనాయిలు పోసినా ఒక పట్టాన అంటుకోలా.
అంటుకున్నాక మాత్రం
లోపల ఇంకిన కొవ్వంతా కరిగి
వీధి వీధంతా వేపుడు వాసన.
కుక్కలు వచ్చి వరసగా నిలబడ్డాయి.
మూడో రోజుకు అవీ వాగు దాటి జిలానీ కాడికి పోయినాయి.
వాటికి గీత లేదు.

పన్నెండో రోజు రాత్రి
వెనక తలుపు కొట్టింది చెంచమ్మ.
గొల్లపాళెం నుంచి ఆఖరు బస్సుకు వచ్చింది.
కొంగు కింద ఏందో కదలతా ఉండాది.
"లెక్కకొచ్చిన పిల్ల ఈ గంప ఎత్తి చూళ్లేదబ్బయ్యా.
మా ఇంటాయనకు తొడెముక ఇరిగింది, రసం పొయ్యాల.
రేపు మళ్లీ వస్తారంట సంచులేసుకోని.
మన్ను తినే బదులు మనిషి తింటాడు. కొయ్యి."

నల్లపెట్ట.
లైటు కింద చూశా: తురాయి ఎర్రంగా ఉంది,
కంట్లో నీళ్లు లేవు, రెట్ట పచ్చంగా లేదు.
నా కంటికి దానికే రోగమూ లేదు.
నా కన్ను ల్యాబు కాదు.
ఇది ఈడ ఒక్క తుమ్ము తుమ్మిందంటే
ఆ సూది కాలు లేచొచ్చి
నా గడప మీద దిగుతాది.
గీత మళ్లీ గీస్తారు. ఈసారి లోపల
జిలానీ కూడా ఉంటాడు.
(ఆ ఆలోచన ఒక్క క్షణం తియ్యంగా ఉండింది. చెప్పుకోకూడదు గానీ.)

చేతులు వెనక్కి కట్టుకున్నా.
కోడి ముందర చేతులు కట్టుకోవడం
పుట్టి బుద్ధెరిగినాక అదే మొదలు.

బస్సు లేదు. బెంచీ మీద కూర్చోమన్నా.
మంచినీళ్లిచ్చా, దుప్పటిచ్చా.
తెల్లారకముందే ఫోను చేశా.

పశువుల ఆస్పత్రి పిల్ల హిమజ
స్కూటీ దిగి తెల్లకోటు తొడుక్కుంది,
మూతికి గుడ్డ, చేతికి తొడుగులు,
"నాటుపెట్ట, ఒకటి" అని రాసుకుంది.
పరిహారం కాయితం మీద చెంచమ్మ వేలిముద్ర.
బెంచీ మీద, దుప్పటి మడతలో, ఒక గుడ్డు.
దాన్నీ సంచిలో ఏసింది.
గుడ్లు కూడా.

చెంచమ్మ తిడతాదనుకున్నా.
తిట్టలా.
"నువ్వు కోసినా చచ్చేదేలే," అనింది,
"కాకపోతే నువ్వైతే
ఒక మాట అనేసి కోస్తావు."
అని ఏడు గంటల బస్సెక్కింది.

మూడు నెలలకు
బాగా ఉడికిస్తే భయం లేదని చెప్పడానికి
ఊళ్లో మేళా పెట్టినారు. షామియానా, మైకు,
ఊరికే వేపుడు, ఊరికే గుడ్లు.
తాళం వేసినోళ్లే ముందు వరసలో కూర్చోని
ఫోటోలకు ముక్క కొరికినారు.
కోసే పని నాకే ఇచ్చినారు.
రెండు వందల కోళ్లు.
ప్రతిదానికీ ఆ మాట అన్నా.
అన్నీ అయిపోయినాక
కత్తి కడిగి పక్కన పెట్టి
ఇంకొకసారి అన్నా, చేతిలో ఏమీ లేకుండా.

కొత్త మొద్దు వేపది.
ఇంకా చదునుగా ఉండాది.
ముక్కలు జారతా ఉండాయి.