అతుకు విడిచిన చోట

తప్పు నాదే. డ్రమ్ముల సంచి భుజానేసుకుని
గ్లాస్గోలో ఆ పబ్బు వెనక మెట్ల దగ్గర
చూడకుండా వెనక్కి నడిచాను.
మనిషంత ఎత్తు ఇష్బెల్ బాస్
గోడకి ఆని ఉంది.
పడుతూ పడుతూ నాలుగు తీగలూ ఒక్క గొంతుతో
మూలిగాయి.
ట్యాక్సీలో దాని మెడ ఆమె ఒళ్లో.
దారంతా వాన. మాటల్లేవు.

మూడో అంతస్తు వంటింట్లో
బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టింది.
వేలి కణుపులతో అంచు పొడుగునా తట్టుకుంటూ వెళ్లింది.
టక్, టక్, టక్,
నడుం దాటాక ఓటికుండ చప్పుడు.
"ఇక్కడ."
జానెడు మేర అతుకు విడింది,
లోపలి చీకటి కనిపించేంత.

నేను సారీల మీద సారీలు చెబుతుంటే
"ఆపు. చెక్క పగల్లేదు, చూడు.
ఇది తోలు జిగురు. కావాలనే పల్చగా కలుపుతారు.
దెబ్బ తగిలితే ముందు తను వదిలెయ్యాలి,
చెక్కని బతకనివ్వాలి.
మరీ గట్టిగా అంటించినవే నిలువునా చీలతాయి" అంది.
మొన్న డబ్బు పంచుకునేటప్పుడు
మేమిద్దరం అనుకున్న మాటలు గుర్తొచ్చాయి.
ఆమెకి గుర్తొచ్చాయో లేదో, అడగలేదు.

ఓట్స్ జావ కాచే గిన్నెలో వేన్నీళ్లు,
నీళ్లలో జామ్ సీసా, సీసాలో నానిన జిగురు పలుకులు.
కరిగేకొద్దీ తేనె రంగు, తడిసిన కుక్క వాసన.
కింది ఇంటి గిల్లెస్పీ తలుపు కొట్టాడు,
ఏం వండుతున్నారని.
"ముసల్దానికి కట్టు కడుతున్నాం."
వెళ్లి రెండు బెల్టులు తెచ్చిచ్చాడు.
బిగింపులు నాలుగే ఉన్నాయి మరి.
మిగతా చోట సైకిల్ ట్యూబు కోసి చుట్టాం.
చివరికి నా బెల్టూ అడిగింది.
ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో టార్చి
పట్టుకుని నిలబడ్డాను.

పక్క రంధ్రంలోంచి వెలుతురు పడితే
లోపల వీపు మీద పెన్సిల్ రాత:
"ఏప్రిల్ యాభై ఏడు. రెండోసారి అతికాను.
తర్వాతి వాడా, తొందరపడకు."
ఎవరో పేరు రాసుకోలేదు.

తెల్లారి కట్లు విప్పి, శ్రుతి చేసి,
అడుగు తీగ మీటింది.
ఎక్కడో జుమ్మని చిన్న అదురు.
ఇద్దరం ఊపిరి బిగబట్టి వెతికాం.
సింకులో చెంచా.

భుజం మీద గీత మాత్రం పోలేదు.
అక్రోటు పప్పు రుద్ది చూసింది, కాస్త మసకబారింది.
"చాల్లే" అని సంచి జిప్పు లాగింది.

గుమ్మం దగ్గర మెడ తను పట్టుకుని
బరువు వైపు నాకు ఇచ్చింది.
అరవై నాలుగు మెట్లు.
ఒక్కొక్కటీ కాలితో తడిమి దిగాను.